కథ ఎవరిది? కంఠం ఎవరిది?
ఉదయగిరి మెట్ట ప్రాంతపు ఒక పాఠం, జాషువ కావ్యం, మన సంఘాల కళ: విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

కళ మానవ హక్కులకు, సమానత్వానికి తోడ్పడుతుందని సాధారణంగా అందరూ అంగీకరిస్తారు. మన సంఘాలలో కూడా క్రిస్మస్ నాటికలు, బుర్రకథలు, పాటలు పేదల పక్షాన మాట్లాడుతున్నాయని మనం సంతోషిస్తాం. అయితే ఒక కళాఖండం సమానత్వం గురించి మాట్లాడినంత మాత్రాన అది సమానత్వాన్ని పెంచుతుందా? పేదవాని గురించి కన్నీళ్లు పెట్టించే నాటిక ముగిశాక ఆ పేదవాడు మునుపటి స్థానంలోనే, మునుపటి మౌనంలోనే ఉండిపోతే ఆ నాటిక చేసిన మేలు ఏమిటి?

ఈ వ్యాసంలో మేము ఒక కొలమానాన్ని ప్రతిపాదిస్తున్నాం. కళ ఏ విషయాన్ని చెబుతున్నదన్న ప్రశ్న ముఖ్యమే. కాని ఆ కథ ఎవరిది, దానిని పలికే కంఠం ఎవరిది, విన్న తరువాత ఆ కథ ఎవరి చేతికి వస్తుంది అన్న ప్రశ్నలు అంతకంటే ముఖ్యమైనవి. అణచివేతకు గురైనవారు కథలో పాత్రలుగా మాత్రమే మిగలక ఆ కథకు కర్తలైనప్పుడే కళ హక్కును పెంచుతుంది. ఈ మాటను పరీక్షించడానికి దూరదేశాల ఉదాహరణలు వెతకనవసరం లేదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో, ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన ఒక సంఘటన మనకు చాలు. దానికి తోడు గుర్రం జాషువ కావ్యాన్ని, లేఖనాలలోని కొన్ని భాగాలను, మన సంఘ చరిత్రలో డప్పు పొందిన స్థానాన్ని పరిశీలించి, వాక్య పరిచర్య చేసేవారికి పనికివచ్చే కొన్ని నిర్ణయాలకు రావాలని మా ప్రయత్నం.

2. దూబగుంట: ఒక పాఠం, ఒక ఉద్యమం

ఉదయగిరి అనగానే కొండమీది కోట, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి దానిని గెలుచుకున్న చరిత్ర, ఆ ఊరి కొయ్య చెంచాల పనితనం గుర్తుకు వస్తాయి. ఆత్మకూరు అనగానే పెన్న, సోమశిల జలాశయం గుర్తుకు వస్తాయి. కాని మానవ హక్కుల చరిత్రలో ఈ ప్రాంతానికి స్థానం సంపాదించిపెట్టింది నేడు ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉన్న కలిగిరి మండలపు చిన్న పల్లె దూబగుంట.

1990-91 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం అక్షరదీపం పేరుతో మొదలైంది. కేరళలోని ఎర్నాకుళం 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటింపబడిన తరువాత దేశమంతటా వ్యాపించిన ఉత్సాహంలో ఇది భాగం. జిల్లా యంత్రాంగం, స్వచ్ఛంద కార్యకర్తలు, 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఇందులో పనిచేశాయి. పలక, బలపం కంటే ముందు పల్లెలకు చేరింది కళాజాతా. పాటలు, చిన్న నాటికలతో కళాకారుల బృందాలు ఊరూరా తిరిగి, పగలంతా కూలి చేసి వచ్చిన స్త్రీలను రాత్రి బడికి పిలిచాయి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగోతాన్ని ప్రజాసమస్యలకు మలచిన సంప్రదాయం ఈ బృందాల వెనుక ఉన్నది.

రాత్రి బడిలో చదివిన పాఠాలలో ఒకటి సీతమ్మ కథ. తాగుడు వల్ల నలిగి ముగిసిపోయిన ఒక సామాన్య స్త్రీ జీవితం అందులోని విషయం. ఆ పాఠం మీద జరిగిన చర్చే ఆ స్త్రీల మాటలకు దారి తీసింది. కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయి? ఇంట్లో దెబ్బలు ఎందుకు? మంచినీళ్లు సరిగా అందని ఊరికి సారా పాకెట్లు మాత్రం తప్పకుండా ఎలా చేరుతున్నాయి? దూబగుంట స్త్రీలు కలిసికట్టుగా ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. తరువాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటా పేరుపొంది 2016లో మరణించిన వర్ధినేని రోశమ్మ వారిలో ముందు నిలిచినవారు.

తరువాత జరిగినది మా పరిశీలనకు మరింత ముఖ్యమైనది. దూబగుంట స్త్రీలు చేసిన పని తానే ఒక కథ అయి, ఆడవాళ్లు ఏకమైతే అన్న పేరుతో కొత్తగా చదువు నేర్చినవారి పాఠాలలో చేరింది. ఇతర గ్రామాల స్త్రీలు దానిని చదివి తమ ఊళ్లలోనూ అదే పనికి పూనుకున్నారు. 1992 నాటికి అది జిల్లా దాటి రాష్ట్ర ఉద్యమమైంది. నెల్లూరులో సారా వేలంపాటలు స్త్రీల ప్రతిఘటన వల్ల పలుమార్లు వాయిదా పడ్డాయి. ఈనాడు దినపత్రిక ఉద్యమ వార్తలకు ప్రత్యేకంగా చోటు కేటాయించింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1997లో దానిని సడలించారు.

3. ఆ పాఠాన్ని కళగా చదవడం

సాహిత్య విమర్శకుని దృష్టిలో సీతమ్మ కథ గొప్ప రచన కాకపోవచ్చు. చిన్న వాక్యాలు, పరిచయమైన పేరు, అనుకున్నట్లే నడిచే కథ. ఇంతకంటే బలమైన కథలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. అయినా ఆ కథలు చేయలేనిది ఈ పాఠం ఎందుకు చేసింది?

దీనికి మూడు కారణాలు మాకు కనిపిస్తున్నాయి. మొదటిది, ఆ కథను చదివినవారు ఒంటరిగా చదవలేదు. లాంతరు వెలుగులో కూడబలుక్కుంటూ, ఒకరు ఆగినచోట మరొకరు అందుకుంటూ గట్టిగా చదివారు. ఇంటి నాలుగు గోడల మధ్య అవమానంగా దాచుకున్న దుఃఖం పదిమంది నోట ఒకేసారి పలికినప్పుడు అది ఒక ఇంటి ఖర్మ కాక ఊరి సమస్య అయింది. రెండవది, పాఠం తీర్పు చెప్పి ముగించలేదు. చర్చకు చోటు విడిచింది. బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రేరే అక్షరం నేర్పడమంటే నేర్చుకునేవారి సొంత మాటల నుండి, సొంత బతుకు నుండి మొదలుపెట్టడమని బోధించాడు. ఆయన 1970 నుండి 1980 వరకు జెనీవాలో ప్రపంచ సంఘాల సమాఖ్యలో పనిచేశాడన్నది వేదాంత విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం. మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది: విన్నవారి పని తిరిగి పాఠంగా మారింది. అంటే మొదటి పాఠంలో స్త్రీ బాధితురాలు. రెండవ పాఠంలో స్త్రీలు కర్తలు. మొదటిది వారికి ఇవ్వబడిన కథ. రెండవది వారి నుండి తీసుకోబడిన కథ. ఈ రెండు పాఠాల మధ్య జరిగిన మార్పే సమానత్వం దిశగా కళ వేసిన అడుగు.

అయితే విమర్శకు ఇక్కడ పని ముగియలేదు. ఈ పాఠాల పరిమితులను కూడా చెప్పవలసి ఉన్నది. తాగుడును కుటుంబ సమస్యగా చూపడం దగ్గర ఆ కథ మొదలవుతుంది. ఆ సారాను పాకెట్లలో సరఫరా చేసే వారుణి వాహిని పథకాన్ని 1980లలో నడిపింది ప్రభుత్వమే. వేలంపాటల ద్వారా ఆదాయం పొందింది ప్రభుత్వమే. అక్షరదీపం వెలిగించిందీ ప్రభుత్వమే. ఒక చేత్తో పలక, మరొక చేత్తో పాకెట్ అందించిన ఈ వైరుధ్యం ఒక్క సీతమ్మ కథలో ఇమడదు. దానిని కనిపెట్టింది చదివిన స్త్రీలు. వారు భర్త దగ్గర ఆగక దుకాణం దగ్గరకు, దుకాణం దగ్గర ఆగక వేలంపాట దగ్గరకు వెళ్లారు. పాఠం చూపిన దానికంటే పాఠకులు ఎక్కువ చూశారు. కళాకారుడు దీనిని తన ఓటమిగా భావించకూడదు. తన కథను దాటి వెళ్లగల శ్రోతలను తయారుచేయడమే ఇలాంటి కళకు దక్కే విజయం.

మరొక పరిమితి కులం. ఆడవాళ్లు ఏకమైతే అన్న మాటలో గొప్ప బలమున్నది. కాని ఊరిలోని స్త్రీ, పల్లెలోని స్త్రీ ఒకే బావి దగ్గర ఒకే హక్కుతో నిలబడగలరా అన్న ప్రశ్న ఆ మాట కింద కప్పబడిపోయే ప్రమాదమూ ఉన్నది. సారా సమస్య కూలి స్త్రీలందరినీ కలిపింది. కూలి రేటు, భూమి, అంటరానితనం అన్న సమస్యలు అలా కలపలేవు. ఐక్యతను గానం చేసే కళ ఏ భేదాలను మరుగుపరుస్తున్నదో కూడా మనం అడగాలి. ఈ ప్రశ్నతోనే మనం జాషువ వైపు తిరుగుతున్నాం.

4. జాషువ: రూపం మీద హక్కు

గుర్రం జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించాడు. యాదవుడైన తండ్రికి, మాదిగ కులస్థురాలైన తల్లికి పుట్టిన క్రైస్తవుడు. క్రైస్తవుడవై ఉండి పురాణాలతో పనేమిటని స్వజనులు, అంటరానివాడవై ఉండి పద్యం ఎందుకని అగ్రవర్ణ పండితులు ఆయనను ఆక్షేపించారు. ఈ రెండు గుమ్మాల వద్ద నిలబెట్టబడిన కవి 1941లో గబ్బిలం ప్రచురించాడు.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని దూతగా పంపాడు. జాషువ కావ్యంలో ఒక అంటరాని పేదవాడు కాశీలోని శివునికి తన మొర వినిపించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. ఆ ఎంపికలోనే వాదమంతా ఉన్నది. లోకం అపశకునమని అసహ్యించుకునే గబ్బిలానికి గుడిలో ప్రవేశం ఉన్నది, మనిషికి లేదు. ప్రత్యేకంగా ఉపన్యాసం చెప్పకుండానే ఆ ఒక్క ఏర్పాటు వర్ణవ్యవస్థను నిలదీస్తుంది.

మన కొలమానం ప్రకారం చూస్తే జాషువ సాధించినది ఏమిటి? ఇక్కడ కంఠం బాధితునిదే. సానుభూతిపరుడు అతని తరఫున మాట్లాడలేదు. అంతకు మించి, ఆ కంఠం అతనికి నిషేధింపబడిన రూపంలోనే పలికింది. ఛందోబద్ధ పద్యాన్ని తమ సొత్తుగా భావించినవారు, ఆ పద్యాన్ని మెచ్చుకోక తప్పని స్థితిలో, తమ మీది ఫిర్యాదును కూడా వినవలసివచ్చింది. హక్కును అడగడానికి ముందే దానిని వినియోగించుకోవడం అంటే ఇదే. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ ఆయనకు లభించాయి. 1971 జూలై 24న ఆయన మరణించాడు.

అయినా గబ్బిలం మొదటి పాఠకులు ఎక్కువగా చదువుకున్నవారే. ఆనాటి మాలమాదిగ పల్లెల్లో పద్యం చదవగలిగినవారు ఎంతమంది? కనుక ఒక విధంగా జాషువ కావ్యం, దూబగుంట పాఠం ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయి. జాషువ అణచినవారి ఎదుట నిలబడి మాట్లాడాడు. దూబగుంట పాఠం అణగినవారి మధ్య కూర్చుని మాట్లాడింది. కులాన్ని జాషువ పేరుపెట్టి పిలిచాడు. పాఠం దానిని పక్కన పెట్టింది. పాఠం పల్లెకు చేరింది. పద్యం అంత సులభంగా చేరలేదు. సమానత్వం కోరే కళకు ఈ రెండు దిశలూ అవసరమే.

5. లేఖనాల వెలుగులో

ఈ రెండు దిశలు మనకు కొత్తవి కావు. 2 సమూయేలు 12వ అధ్యాయంలో నాతాను రాజు ఎదుట చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ, అధికారాన్ని నిలదీసే కళకు ఉత్తమ ఉదాహరణగా మన ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. దావీదు తనకు తెలియకుండానే తన మీద తానే తీర్పు చెప్పుకొన్నాడు. ఇది జాషువ మార్గం. కాని ఆ కథను మరొకసారి చదవండి. అన్యాయానికి గురైన బత్షెబ ఆ ఉపమానంలో ఒక గొఱ్ఱెపిల్ల మాత్రమే. ఆమె మాట మనకు వినబడదు. ఊరియా అప్పటికే చనిపోయాడు. రాజు పశ్చాత్తాపపడ్డాడు, బాధితురాలికి మాత్రం కంఠం దొరకలేదు. ప్రవక్త కళ ఎంత శక్తిగలదైనా అది ఇంకా పూర్తికాని పని అని ఈ మౌనం మనకు గుర్తుచేస్తుంది.

దీనికి భిన్నంగా నిర్గమకాండము 15వ అధ్యాయంలో మిర్యాము తంబుర చేతపట్టినప్పుడు స్త్రీలందరూ ఆమె వెంట వెళ్లారు. నిన్నటి బానిసలు తమ విడుదలను తామే పాడుకున్నారు. లూకా 1వ అధ్యాయంలో నజరేతు పల్లెపడుచు మరియ బలవంతులు సింహాసనాల నుండి పడద్రోయబడడాన్ని, దీనులు హెచ్చింపబడడాన్ని గానం చేసింది. ఆమె తరఫున మరొకరు పాడలేదు. యేసు కూడా మంచి సమరయుని ఉపమానాన్ని ప్రశ్నతో ముగించి, జవాబును ధర్మశాస్త్రోపదేశకుని నోటనే పలికించాడు. శ్రోత నోటికి కథను అప్పగించడం ఆయన బోధనా విధానం. కొరింథు సంఘానికి వ్రాస్తూ పౌలు, సభ కూడినప్పుడు ఒక్కొక్కరి దగ్గర ఒక కీర్తన, ఒక బోధ ఉంటుందని తలంచాడు. సంఘారాధనలో కళ ఒక్కరి సొత్తు కాదని దీని భావం.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన 27వ అధికరణం, సమాజపు సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొనడాన్ని, కళలను ఆస్వాదించడాన్ని ప్రతి మనిషి హక్కుగా గుర్తించింది. అనగా కళ ఇతర హక్కులకు పనిముట్టు మాత్రమే కాదు, కళలో పాలుపొందడమే ఒక హక్కు. మిర్యాము తంబురకు ఈ మాట ఎంతో దగ్గరగా ఉన్నది.

6. డప్పు ప్రశ్న

మన సంఘ చరిత్రలో ఈ విషయాన్ని అత్యంత తీవ్రంగా ఎదుర్కొన్న వాద్యం డప్పు. నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషను పని ఒంగోలుకు విస్తరించి, జాన్ క్లౌ కాలంలో, ముఖ్యంగా 1878లో, మాదిగపల్లెల నుండి వేలాదిమంది బాప్తిస్మం పొందారు. విశ్వాసులైనవారు ఊరి జాతరలలో డప్పు కొట్టడానికి నిరాకరించారు. అందుకు ఊరిపెద్దల నుండి హింసలు కూడా అనుభవించారు.

ఈ నిరాకరణను విగ్రహారాధన మానుకోవడంగా మాత్రమే మనం బోధిస్తూ వచ్చాం. అది అంతకంటే ఎక్కువ అని మా అభిప్రాయం. ఊరు పిలిచినప్పుడు, ఊరు చెప్పిన చోట, కులధర్మంగా, వెట్టిగా కొట్టవలసిన డప్పు అది. చెయ్యి వాయించేవానిదే, కాని ఆజ్ఞ మరొకరిది. డప్పు కింద పెట్టడం ద్వారా ఆనాటి విశ్వాసులు తమ చెయ్యి తమదేనని ప్రకటించారు. కొన్నిసార్లు కళను నిరాకరించడం కూడా మానవ హక్కు ప్రకటనే.

తరువాతి కాలంలో దళిత ఉద్యమాలు అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా చేతపట్టాయి. 1981లో అరవింద్ నిర్మల్ బెంగుళూరులో చేసిన ప్రసంగంతో రూపుదిద్దుకోవడం ప్రారంభించిన దళిత వేదాంతం, అణగినవారి సంస్కృతిని దైవశాస్త్రానికి మూలవనరుగా గుర్తించింది. మదురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో బోధించిన జేమ్స్ థియోఫిలస్ అప్పావు తమిళ జానపద సంగీతంతో ఆరాధనక్రమాన్ని రూపొందించాడు. వీటిని చూసి మన ఆరాధనలో కూడా డప్పు ఉండాలని కోరే యువకులు ఉన్నారు. అది ఆ పాత అవమానాన్ని తిరిగి తెస్తుందని బాధపడే పెద్దలూ ఉన్నారు. ఈ వివాదంలో ఒకరిని సంప్రదాయవాదులని, మరొకరిని లోకానుసారులని ముద్రవేయడం సరికాదు. నాడు డప్పు కింద పెట్టినవారు, నేడు దానిని ఎత్తుకోవాలనేవారు అడుగుతున్నది ఒక్కటే: దీనిని ఎప్పుడు, ఎందుకు మోగించాలో నిర్ణయించేది ఎవరు? ఆ నిర్ణయం వాయించేవారి చేతిలో ఉన్నప్పుడు డప్పు సమానత్వ వాద్యం. పండుగ రోజు పల్లె యువకుల చేత డప్పు కొట్టించి, సంఘ పరిపాలనలో మాత్రం వారికి చోటివ్వకపోతే, మందిరంలో మోగినా అది వెట్టి డప్పే.

7. వాక్య పరిచర్యకు కొన్ని సూచనలు

పై పరిశీలన నుండి దైవసేవకులకు, విద్యార్థులకు కొన్ని ఆచరణీయమైన విషయాలు తేలుతున్నాయి.

మొదటిది, మన ప్రసంగాలలోను, నాటికలలోను తాగుబోతు పాత్రను పరిశీలించుకోవాలి. అతడు నవ్వించే పాత్రగానో, మారుమనస్సు పొందవలసిన పాపిగానో మాత్రమే కనబడతాడు. హబక్కూకు 2:15లో ప్రవక్త శ్రమ పలికింది పొరుగువానికి తాగబోసేవాని మీద. దూబగుంట స్త్రీలు ఆ వచనం చదివారో లేదో గాని, దాని భావాన్ని ఆచరించారు. తాగేవానిని గద్దించి అమ్మేవానిని, వేలం వేసేవానిని విడిచిపెట్టే నాటిక సగం సువార్తనే చెబుతున్నది.

రెండవది, క్రిస్మస్ నాటికను వ్రాసేది ఎవరన్నది ఆలోచించాలి. గొల్లల పాత్రలు పల్లె పిల్లలకు ఇచ్చి, మాటలు మాత్రం పట్టణం నుండి తెచ్చిన పుస్తకంలోవి పలికించే బదులు, ఉదయగిరి మెట్టలో గొఱ్ఱెలు కాసేవారి రాత్రి కాపలా ఎలా ఉంటుందో వారినే చెప్పనిచ్చి, ఆ మాటలతో నాటిక కూర్చవచ్చు. అలాగే స్త్రీల సమాజంలో సాక్ష్యాలు చెప్పించినప్పుడు, మనకు నచ్చిన ముగింపు వచ్చేవరకు వాటిని సరిదిద్దకుండా వినడం నేర్చుకోవాలి.

మూడవది, నాటిక ముగిసిన వెంటనే ప్రార్థన చేసి పంపివేయక, కూర్చుని చర్చించే సమయం ఇవ్వాలి. రాత్రి బడి పాఠానికి శక్తినిచ్చింది ఆ చర్చే. ఆ చర్చలో కాపరికి ఇష్టంలేని ప్రశ్నలు రావచ్చు. సంఘంలో కులం గురించి, స్త్రీల స్థానం గురించి, కానుకల లెక్కల గురించి రావచ్చు. అవి రాకుండా జాగ్రత్తపడే కళ అలంకారమే అవుతుంది. న్యాయం లేని చోట పాటల ధ్వని దేవునికి అక్కరలేదని ఆమోసు 5వ అధ్యాయం హెచ్చరిస్తున్నది.

8. ముగింపు

1997 తరువాత మద్యం మళ్లీ ప్రభుత్వ ఆదాయ మార్గంగా కొనసాగింది కనుక దూబగుంట ఓడిపోయిందని కొందరంటారు. చట్టం దృష్టిలో ఆ మాటలో నిజమున్నది. కాని ఒక చట్టం వచ్చిందా, నిలిచిందా అన్న లెక్కతోనే కళను తూచితే ప్రవక్తలలో చాలామంది ఓడిపోయినవారే. అక్షరం రాని స్త్రీలు అక్షరం నేర్చి, తమ కథను తాము చెప్పి, ఆ కథ మరొక ఊరికి పాఠమయ్యేలా చేశారు. ఆ అనుభవాన్ని ఏ సడలింపు ఉత్తర్వూ రద్దు చేయలేదు.

జాషువ అంటరానివాని కంఠాన్ని కాశీ వరకు పంపాడు. సీతమ్మ కథ దూబగుంట స్త్రీల కంఠాన్ని వేలంపాట వరకు నడిపించింది. మన సంఘాలలో వ్రాయబడే పాట, ఆడబడే నాటిక, మోగే డప్పు ఎవరి కంఠాన్ని ఎక్కడివరకు చేరుస్తున్నాయో ప్రతి కాపరి, ప్రతి విద్యార్థి తన పరిచర్యలో పరీక్షించుకోవాలి. దేవుని స్వరూపమందు సృజింపబడిన ప్రతి మనిషికీ సృజించే హక్కు ఉన్నదని మనం నమ్ముతున్నట్లయితే, ఆ హక్కు మొదట మన మందిరాలలోనే అమలు కావాలి.